అంబేడ్కర్ పేరులో ‘డ’ ఎక్కడికి పోయింది?

మా మండలంలో మూడు ఊళ్లలో అంబేడ్కర్ విగ్రహాలున్నాయి. దిమ్మెల మీద ఆయన పేరు మూడు రకాలుగా ఉంది. ఒక ఊళ్లో అంబేద్కర్, ఇంకో ఊళ్లో అంబేత్కర్, మూడో ఊళ్లో అంబేద్కార్. విగ్రహాల్లో మాత్రం తేడా లేదు. అదే నీలం కోటు, చేతిలో అదే రాజ్యాంగం, ముందుకు చాచిన అదే చూపుడు వేలు. మూడో ఊళ్లో విగ్రహం కోసం కూలి డబ్బుల్లోంచి చందాలు వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఏటా ఏప్రిల్ 14న తెల్లవారక ముందే లేచి దిమ్మె కడిగి, ముగ్గు పెట్టి, దండ వేసేది వాళ్లే. పేరులో ఒక దీర్ఘం ఎక్కువ పడింది కనుక వాళ్లకు ఆయన మీద గౌరవం తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సాధారణంగా మనం అనేది మాత్రం అదే. ప్రముఖుల పేరు ఎవరైనా తప్పుగా రాస్తే రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. రాసినవాడికి చదువు రాదు, లేదా ఆ మనిషంటే లెక్క లేదు. చాలా ఏళ్లు ఒక పత్రిక డెస్కులో వార్తలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను, ఈ రెండు తీర్పులూ ఎక్కువసార్లు గురి తప్పుతాయి. పేరులోని తప్పును బట్టి మనకు ముందుగా తెలిసేది ఆ పేరు ఏ దారిన మన దాకా వచ్చిందన్న సంగతి. రాసినవాడి మనసులో ఏముందో తేల్చాలంటే ఇంకా చాలా చూడాలి.

మరాఠీలో ఆ పేరును ‘ఆంబేడకర్’ అని రాస్తారు. పలికేటప్పుడు డకారం మీది అచ్చు పోయి ‘ఆంబేడ్కర్’ అవుతుంది. నాలుకను అంగిలి వైపు మడిచి పలికే డ అది. నాలుక కొన పళ్లకు తగిలితే వచ్చే ద కాదు. మరాఠీలో ఈ రెండు అక్షరాలూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. పేరు నేరుగా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి నడిచి వచ్చి ఉంటే పొరబాటుకు చోటే లేదు. పైగా ఈ రెండు భాషలవాళ్లూ దూరపువాళ్లేమీ కారు. 1956 దాకా మరాఠ్వాడా జిల్లాలూ తెలంగాణ జిల్లాలూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1950లో అంబేడ్కర్ ఔరంగాబాద్‌లో కళాశాల పెట్టిన నాటికి ఆ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోదే.

అయినా పేరు ఆ దారిన రాలేదు. ఇంగ్లీషు మీదుగా వచ్చింది. బొంబాయిలోనో ఢిల్లీలోనో జరిగిన సంగతి వార్తా సంస్థల తీగల మీద ఇంగ్లీషులో ప్రయాణించి, మన ఊరి టెలిప్రింటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో దిగేది. డెస్కులో ఉన్న ఉప సంపాదకుడు దాన్ని తెలుగు చేసేవాడు. ఇంగ్లీషులో ఉన్నది ఒకే ఒక్క ‘డి’. అందులో మన ద, ధ, డ, ఢ నాలుగూ కలిసిపోవచ్చు. వాళ్ల ‘టి’లో త, ట రెండూ దాక్కోవచ్చు. అ, ఆ ఒకే అక్షరం కింద, ఎ, ఏ ఒకే అక్షరం కింద తలదాచుకుంటాయి. జల్లెడ పట్టి వచ్చిన పిండిలోంచి మళ్లీ గింజను తయారుచేయమన్నట్టు, ఆ ఉప సంపాదకుడు పోయిన తేడాలను ఊహతోనే తిరిగి పెట్టాలి. అప్పటికి రాత్రి పదకొండు దాటి ఉంటుంది. పేజీ అచ్చుకు వెళ్లాలి. మరాఠీ తెలిసినవాళ్లు గదిలో ఉండరు.

ఇలా ఊహతో పెట్టిన అక్షరాలు ఎక్కడెక్కడ తప్పాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నరేంద్ర మోదీ పేరు గుజరాతీలో దకారంతోనే ఉంది. మనం ఏళ్ల తరబడి ‘మోడీ’ అని రాశాం. లాల్ కృష్ణ ఆడ్వాణీ పేరును హిందీలో డకారంతో, ణకారంతో రాస్తారు. మనం ‘అద్వానీ’ అని రాశాం, ఇప్పటికీ రాస్తున్నాం. ఒకే పార్టీ, ఒకే కాలం, ఒకే డెస్కు. ద ఉండాల్సిన చోట డ, డ ఉండాల్సిన చోట ద వచ్చి కూర్చున్నాయి. నిర్లక్ష్యమే కారణమైతే రెండూ ఒకే వైపు తప్పి ఉండాలి కదా.

రెండు అలవాట్లు ఒకదానితో ఒకటి పెనుగులాడటం వల్ల ఇలా జరిగిందని నా అభిప్రాయం. ఇంగ్లీషు మాటల్లోని డి, టి అక్షరాలను మనం డ, టలుగా తీసుకుంటాం. డాక్టర్, డిపో, టికెట్, టైరు. ఇది ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించిన పేరు ఏదైనా చెయ్యి దానంతట అదే డ వైపు వెళుతుంది. మోడీ అలా పుట్టింది. మరాఠీలో తకారంతో ‘తెండులకర్’ అని ఉన్న పేరు మన క్రీడా పేజీల్లో ‘టెండూల్కర్’ అయిందీ అందువల్లే. అదే పేజీలో గావస్కర్ ‘గవాస్కర్’ అయ్యాడు. ఆ పేరులో ఏ అకారానికి దీర్ఘం ఉందో ఇంగ్లీషు చెప్పలేదు, మనం పక్కదానికి ఇచ్చాం. నాథూరామ్ గోడ్సే సంగతి ఇంకా విచిత్రం. మరాఠీ ‘గోడ్’ను ఇంగ్లీషులో జీ, ఓ, డి అనే మూడక్షరాలతో రాశారు. ఆ మూడక్షరాలను చూసిన మనవాళ్లకు ఇంగ్లీషులో దేవుణ్ని పిలిచే మాట గుర్తొచ్చింది. గాంధీని చంపినవాడి పేరు తెలుగులో ‘గాడ్సే’గా స్థిరపడిపోయింది.

రెండో అలవాటు దీనికి ఎదురు. ఇది మన దేశపు పేరు కదా అని తెలిసినప్పుడు చెవి సంస్కృతం వైపు ఒరుగుతుంది. ఆనంద్, గోవింద్, దేవదాస్ వంటి పేర్లలోని దకారం మనసులో మెదులుతుంది. ‘డ్వ’ అనే జంట అక్షరం మన మాటల్లో దాదాపు లేదు. ‘ద్వ’ మాత్రం ద్వారం, విద్వాంసుడు, అద్వైతం అంటూ ఎక్కడ చూసినా ఉంది. అద్వైతం తెలిసిన చెవికి అద్వానీ ఎంత సహజంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అంబేడ్కర్ పేరులోని డకారం పోయిన దారి కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది.

రెండో ఊరి దిమ్మె మీది ‘అంబేత్కర్’ను చూసి నవ్వేవాళ్లకు ఒక మాట చెప్పాలి. కకారం ముందు దకారం నిలవదు, తకారంగా మారుతుంది. తద్ అనే మాట కాలంతో కలిస్తే తత్కాలం, ఉద్ అనేది కర్షతో కలిస్తే ఉత్కర్ష. ఇది సంస్కృత వ్యాకరణం రాసిపెట్టిన సంధి. నోటికి సుఖంగా ఉండే మార్గం కనుకనే వ్యాకరణం దాన్ని రాసిపెట్టింది. ‘అంబేద్కర్’ అని విన్న శిల్పి ‘అంబేత్కర్’ అని చెక్కాడంటే అతని నాలుక ఆ పాత సూత్రాన్ని పాటించింది. ఇక మూడో ఊరి దీర్ఘానికి సర్కార్, సత్కారం, ఉపకారం అన్నీ సాక్ష్యాలే. ‘కర్’ కంటే ‘కార్’ మనకు ఎక్కువ పరిచయం.

ఇలా మనకు తెలిసిన మాట తెలియని పేరును తన వైపు లాక్కోవడం ఒక్క తెలుగువాళ్లకే పరిమితం కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు హిందీలో ఎలా ఉంటుందో చూడండి. పాఠ్య పుస్తకాల నుంచి ఉపాధ్యాయ దినోత్సవ బ్యానర్ల దాకా ‘సర్వపల్లి’ అనే ఉంటుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఊరు, ఆయన వంశం వాళ్ల ఇంటిపేరు. హిందీవాళ్లకు ఆ ఊరు తెలియదు, ‘సర్వ’ తెలుసు. తెలిసినదాన్ని పట్టుకున్నారు. అట్లాగే పాములపర్తి వెంకట నరసింహారావు ఉత్తరాది రాతలో తరచుగా ‘నర్సింహ’ అవుతాడు. హిందీ మాటల నడుమ ఉండే అకారాలు పలుకుబడిలో జారిపోతాయి. తెలుగు ప్రతి అచ్చునూ నిలబెడుతుంది. ఢిల్లీ మన ప్రధాని పేరు సరిగా రాయలేదని కోపం వచ్చినప్పుడు, మనం రాసే గవాస్కర్‌నూ అద్వానీనీ కూడా ఒకసారి తలచుకోవడం న్యాయం.

తెలిసిన పేరు తెలియని పేరును మింగేయడం ఇంకో రకం. మైక్రోసాఫ్ట్ అధిపతిగా సత్య నాదెళ్ల పేరు 2014లో ప్రపంచమంతా మోగినప్పుడు ఆయన ఇంటిపేరును ‘నాదెండ్ల’ అని రాసిన తెలుగువాళ్లు ఉన్నారు. నాదెండ్ల మనకు రాజకీయాల్లోంచి ఎప్పటి నుంచో తెలిసిన ఇంటిపేరు. ఇంగ్లీషులో జంట ఎల్ కనిపించగానే జ్ఞాపకం దగ్గరున్నదాన్ని అందించింది. 2007 జనవరిలో అమెరికాలోని సీఎన్ఎన్ చానల్ ఒసామా బిన్ లాడెన్ గురించిన కథనం మీద ‘ఒబామా ఎక్కడ?’ అని అక్షరాలు వేసి, తర్వాత క్షమాపణ చెప్పింది. ఇంగ్లీషు కీబోర్డు మీద బి, ఎస్ అక్షరాలు పక్కపక్కన లేవు, వేలు జారిందనడానికి వీల్లేదు. కొత్తగా మోగుతున్న పేరు పాత పేరు స్థానంలో దూరింది. అందులో ద్వేషం ఉందని చాలామంది అనుకున్నారు. ఉండి ఉండవచ్చనే అనుమానం ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోగలను, కానీ ఆ ఒక్క అక్షరం దానికి రుజువు కాదు.

పేర్లు ఇంత తేలిగ్గా జారిపోవడానికి మనస్తత్వ శాస్త్రం ఒక కారణం చెబుతుంది. 1987లో బ్రిటన్ పరిశోధకులు కొందరికి ముఖాలు చూపించి, ఒక్కో ముఖానికి ఒక పేరు, ఒక వృత్తి నేర్పారు. కొన్ని మాటలు రెండు విధాలుగానూ పనికొచ్చేవి. మన దగ్గరైతే ‘వైద్య’ను అలా తీసుకోవచ్చు. అది వృత్తీ అవుతుంది, మరాఠీ, గుజరాతీ కుటుంబాల్లో ఇంటిపేరూ అవుతుంది. అదే మాట వృత్తిగా చెప్పినప్పుడు గుర్తున్నంతగా పేరుగా చెప్పినప్పుడు గుర్తుండలేదు. వైద్యుడు అనగానే మందులు, ఆసుపత్రి, నాడి చూసే చెయ్యి మనసులోకి వస్తాయి. ఇంటిపేరుగా వింటే అవేవీ రావు, ఒట్టి శబ్దం మిగులుతుంది. శబ్దానికి అర్థం ఊతం లేనప్పుడు మనసు ఏదో ఒక అర్థాన్ని అతికించుకుంటుంది. సర్వేలోంచి సర్వ వచ్చింది ఇలాగే. అర్థం ముందే మన ఇంట్లో ఉంటే పేరు చెక్కుచెదరదు.  పటేల్‌ను ఏ తెలుగువాడూ ‘పతేల్’ అనడు, పటేళ్లూ పట్వారీలూ తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఉన్నారు.

ఇంగ్లీషువాళ్ల చేతిలో గాంధీ తరచుగా ‘ఘాండి’ అవుతాడు. మన ధకారాన్ని చూపడానికి ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక హెచ్ పెడతారు. వాళ్ల చెవికి ద, ధ తేడా వినిపించదు కనుక ఆ హెచ్ ఎందుకుందో వాళ్లకు తెలియదు. ఎందుకుందో తెలియని అక్షరం ఒక చోట నిలవదు, తీసుకెళ్లి మొదట్లో జీ పక్కన పెట్టేస్తారు. దీన్ని చూసి మనవాళ్లు బాధపడతారు. కానీ జ్ఞానపీఠం అందుకున్న మన మొదటి కవి విశ్వనాథ సత్యనారాయణ పేరును ‘విశ్వనాధ’ అని రాసే తెలుగువాళ్లు లెక్కలేనంతమంది. థ, ధ తేడా మన వాడుక పలుకుబడిలోంచి దాదాపు పోయింది. చూపుకు కూడా ఆ రెంటి మధ్య ఉన్నది ఒక చుక్క. చెవి సాయం లేక, కన్ను సాయం లేక చెయ్యి తప్పుతుంది. గాంధీ పేరులో ఇంగ్లీషువాడికి జరిగిందీ, విశ్వనాథ పేరులో మనకు జరిగిందీ ఒకటే.

ఫోన్లు వచ్చాక ఈ దారి ఇంకా ఇరుకైంది. ఇప్పుడు తెలుగు రాసేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు తెప్పించుకుంటారు. అంటే తెలుగు పేరు కూడా ఇంగ్లీషు జల్లెడలోంచి పడి తిరిగి తెలుగులోకి వస్తోంది. రమేశ్, సురేశ్ వంటి పేర్లు ఈశ శబ్దంతో ముగిసేవి, శకారం ఉండాలి. ఇంగ్లీషు స్పెల్లింగును చూసి రాయడం వల్ల అవి రమేష్, సురేష్ అయి, ఆ పేర్లున్నవాళ్లే అలా రాసుకునే స్థితికి వచ్చాయి. 2024లో ప్రపంచ చదరంగ విజేత అయిన దొమ్మరాజు గుకేశ్ పేరు కూడా తెలుగులో రెండు రకాలుగానూ కనిపిస్తోంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పేరుకు సరైన రూపం ఏదని నిర్ణయించేది ఎవరు? నా దృష్టిలో ఆ పేరు మోసే మనిషి. బెంగాలీ ‘ఠాకుర్’ ఇంగ్లీషు నోట పడి ‘టాగోర్’ అయింది. రవీంద్రనాథుడు ఇంగ్లీషులో ఆ రూపాన్నే ఒప్పుకుని సంతకం చేశాడు. కాబట్టి ఇంగ్లీషులో అది తప్పు కాదు. మన తెలుగు మాత్రం బెంగాలీ నుంచి ఠకారాన్నీ ఇంగ్లీషు నుంచి గకారాన్నీ తెచ్చుకుని ‘ఠాగూర్’ అని మూడో రూపాన్ని తయారుచేసుకుంది. కోనేరు హంపి పేరు తండ్రి చాంపియన్ అనే మాటలోంచి తీసుకున్నది. తర్వాత రష్యన్ పేరులా వినబడాలని ఇంగ్లీషు స్పెల్లింగు మార్చారు. జయలలిత 2001లో సంఖ్యాశాస్త్రం ప్రకారం తన ఇంగ్లీషు పేరు చివర ఇంకో అక్షరం చేర్చుకున్నారు. యడియూరప్ప 2007లో స్పెల్లింగు మార్చుకుని 2019లో మళ్లీ పాతదానికి వచ్చారు. వీటిని తప్పొప్పుల లెక్కలో చూడకూడదు. వాళ్ల పేరు, వాళ్ల ఇష్టం. మనం చేయగలిగింది అడిగి తెలుసుకుని అలాగే రాయడం.

తప్పు స్పెల్లింగును బట్టి మనిషి ఉద్దేశాన్ని నిర్ణయించవచ్చా అన్న ప్రశ్న ఒకసారి నిజంగానే న్యాయస్థానానికి వెళ్లింది. 2010లో అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో సెనెటర్ లీసా ముర్కౌస్కీ తన రిపబ్లికన్ పార్టీ టికెట్ పోటీలో జో మిల్లర్ చేతిలో ఓడిపోయారు. అయినా బరిలోంచి తప్పుకోలేదు. ఆమె పేరు బ్యాలెట్ మీద ఉండదు. ఓటు వేయదలచినవాళ్లు ఖాళీ గీత మీద ఆమె పేరును సొంత దస్తూరితో రాయాలి. ముర్కౌస్కీ పోలండ్ మూలాలున్న పేరు, అమెరికన్లకూ కష్టమే. ప్రచారమంతా స్పెల్లింగు పాఠంగా మారింది. పేరు అచ్చువేసిన చేతి పట్టీలు పంచారు, ప్రకటనల్లో అక్షరం అక్షరం చెప్పించారు. లెక్కింపులో మిల్లర్ వర్గం, చట్టం ప్రకారం పేరు నమోదులో ఉన్నట్టే ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఓటు చెల్లదని పట్టుబట్టింది. ఎనిమిది వేలకు పైగా ఓట్ల మీద అభ్యంతరాలు పెట్టింది. కొందరు నిరసనగా కావాలనే తప్పు రాసి ఉండవచ్చని కూడా వాదించింది.

అలాస్కా సుప్రీంకోర్టు ఆ డిసెంబరులో ఈ వాదాన్ని తోసిపుచ్చింది. ఓటరు ఎవరిని ఉద్దేశించాడో తెలుస్తున్నప్పుడు అక్షర దోషం ఆ ఓటును చంపకూడదన్నది తీర్పు సారాంశం. ఆంగ్లం సరిగా రానివాళ్ల ఓటు హక్కు కూడా ఇందులో ఇమిడి ఉంది. ముర్కౌస్కీ పది వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అభ్యంతరం పెట్టినవన్నీ తీసేసినా ఆమే ముందున్నారు. చేత్తో రాసిన ఓట్లతో సెనెట్‌కు నెగ్గడం 1954 తర్వాత అదే మొదటిసారి. నేను ఈ కథను తరచుగా గుర్తు చేసుకుంటాను. ఆ తప్పు అక్షరాలన్నీ ఆమెను గెలిపించాలని వచ్చినవాళ్లు రాసినవి. వరుసలో నిలబడి, ముద్రించి ఉన్న పేర్లను పక్కన పెట్టి, రాని స్పెల్లింగును కష్టపడి రాశారు. మా మూడో ఊరి దిమ్మె నాకు అలాగే కనిపిస్తుంది.

కావాలని చేసేవాళ్లు లేరని కాదు. 2020 అక్టోబరులో జార్జియా రాష్ట్రంలో ఒక సభలో సెనెటర్ డేవిడ్ పర్డ్యూ కమలా హ్యారిస్ పేరును రెండు మూడు రకాలుగా మెలితిప్పి, ఏదైతేనేం అన్నట్టు వదిలేశాడు. జనం నవ్వారు. అప్పటికి మూడేళ్లకు పైగా ఆ ఇద్దరూ ఒకే సెనెట్‌లో సహసభ్యులు. పేరు పలకడం రాలేదంతే, అగౌరవం లేదని ఆయన వర్గం చెప్పింది. కమల మనకు చిన్నపిల్లలు కూడా పలికే పేరు, అమెరికన్లకు కొత్త. ఆ కొత్తదనాన్ని నేను లెక్కలోకి తీసుకుంటాను. మూడేళ్లు పక్కనే కూర్చున్న మనిషి విషయంలో తీసుకోలేను.

తప్పు ఎవరైనా చేస్తారు. తెలిసి దిద్దుకునే అవకాశం వచ్చాక ఏం చేశారన్నది చూస్తే ఉద్దేశం కనిపించడం మొదలవుతుంది. అడగగలిగిన చోట ఉండి అడగకపోవడం, చెప్పినా వినకపోవడం, ఒకరి విషయంలో విని ఇంకొకరి విషయంలో వినకపోవడం. ఈ మూడో దాని దగ్గర మన తెలుగు పత్రికలూ ప్రభుత్వాలూ కాసేపు ఆగాలి.

మోదీ ప్రధాని అయిన కొన్నేళ్లలోనే మన పత్రికల్లో చాలావరకు ‘మోడీ’ పోయి ‘మోదీ’ స్థిరపడింది. దశాబ్దాల అలవాటును మార్చుకోవడం సాధ్యమేనని దీనివల్ల తెలిసింది. మంచిదే, నేనూ అలాగే రాస్తాను. అంబేడ్కర్ 1956లో కన్నుమూశారు. ఆయన పేరులోని డకారం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. కొన్ని పత్రికలు, దళిత రచయితల్లో పలువురు, కొందరు ప్రచురణకర్తలు ‘అంబేడ్కర్’ అనే రాస్తున్నారు. మిగతా చోట్ల ‘అంబేద్కర్’ అలాగే ఉంది. 2023లో హైదరాబాద్‌లో 125 అడుగుల విగ్రహం నిలబెట్టాం. 2024 జనవరిలో విజయవాడలో అంతే ఎత్తున ఇంకొకటి. సచివాలయానికి ఆయన పేరు, కోనసీమ జిల్లాకు ఆయన పేరు. ఆ జిల్లా పేరు మీద 2022లో అమలాపురం తగలబడింది కూడా. పేరు పెట్టడానికి, పెట్టవద్దనడానికి ఇంత జరిగిన చోట, ఆ పేరును ఎలా రాయాలన్న ప్రశ్న పెద్దగా ఎవరికీ రాలేదు. బతికున్న ప్రధాని పేరు దిద్దుకోవడానికి పట్టిన కాలాన్నీ, దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఎవరో పగబట్టి చేశారనను. ఎవరి కార్యాలయం నుంచి ఫోను వస్తుందని భయపడతామో వాళ్ల పేరు ముందుగా సరవుతుందన్నది మాత్రం డెస్కులో నేను కళ్లారా చూసిన సంగతి.

దిద్దడం కూడా ఎప్పుడూ నిర్మలంగా ఉండదు. ఉత్తరప్రదేశ్‌లో 2019 దాకా గవర్నరుగా పనిచేసిన రామ్ నాయక్ మరాఠీ మనిషి. హిందీలో ‘అంబేడకర్’ అని రాయడం తప్పని, ‘ఆంబేడకర్’ అని రాయాలని ఆయన చాలాసార్లు చెప్పారు. రాజ్యాంగం హిందీ ప్రతి మీద అంబేడ్కర్ చేసిన సంతకం ‘భీమ్‌రావ్ రామ్‌జీ ఆంబేడకర్’ అని ఉందని చూపించారు. 2018 మార్చిలో ఆ రాష్ట్ర ప్రభుత్వం రికార్డులన్నిటిలో పేరును అలా మార్చాలని ఉత్తర్వు ఇచ్చింది. రామ్‌జీ ఆయన తండ్రి పేరు, నడుమ తండ్రి పేరు పెట్టుకోవడం మరాఠీ ఆచారం. ఇందులో అక్షరం కూడా తప్పు లేదు. అయినా ప్రతిపక్షాలు మండిపడ్డాయి. ఇన్నేళ్లుగా లేని ‘రామ్’ ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందని అడిగాయి. నా మటుకు సంతకం ఉన్న చోట సంతకానిదే చివరి మాట. కానీ ఆ ప్రశ్న అడిగినవాళ్లను తప్పుపట్టలేను. దిద్దేవాళ్లు ఎవరు, ఏ సమయంలో దిద్దుతున్నారన్నది జనం చూస్తారు.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. ఆ సంతకం ప్రకారం నేను ఈ వ్యాసంలో రాస్తున్న ‘అంబేడ్కర్’ కూడా పూర్తిగా సరైనది కాదు. మొదటి అక్షరానికి దీర్ఘం ఉండాలి. తెలుగులో ‘ఆంబేడ్కర్’ అని రాస్తే ఎవరి గురించో అనుకుంటారేమోనని అక్కడ వాడుకకు తలవంచాను. డకారం దగ్గర తలవంచలేదు. ఈ గీతను ఇంకొకరు ఇంకో చోట గీయవచ్చు, వాళ్లతో నాకు తగువు లేదు. గీత గీసేముందు మరాఠీవాళ్లను ఒక్కసారి అడిగి ఉంటే చాలు. ఇప్పుడు అది రాత్రి పదకొండు గంటలకు కూడా సాధ్యమే. ఆ మనిషో, ఆ భాషవాళ్లో పేరును పలికిన ఏదో ఒక వీడియో చేతిలోని ఫోనులోనే దొరుకుతుంది. టెలిప్రింటర్ ముందు కూర్చున్న ఉప సంపాదకుడికి ఆ వసతి లేదు.

మూడో ఊళ్లో దిమ్మె మీది పాత అక్షరాలు వానలకు పెచ్చులూడిపోయాయి. గ్రానైట్ పలక వేయిద్దామనుకుని, పేరు ఎలా రాయించాలో చెప్పమని ఈ మధ్య నన్ను పిలిచారు. మరాఠీలో ఎలా పలుకుతారో ఫోనులో వినిపించాను. డకారం ఉందని, చివర దీర్ఘం లేదని చెప్పాను. మొదటి నుంచీ చందాల లెక్క చూసిన పెద్దాయన పేరును తనలో తాను రెండు మూడుసార్లు పలికి చూసుకున్నాడు.

“డ అనే చెక్కించండి,” అన్నాడు పక్కనున్న కుర్రాళ్లతో. తర్వాత నా వైపు తిరిగాడు. “పేపరులో మీరంతా ద అనే కదా బాబూ రాసేది. ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదేమి?”